పొగమాను అత్తరు

ఆఫీసులో అందరూ ఆయన్ని ముక్కుగారు అని పిలిచేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనా పలికేవారు.

టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం ఆయనది. ఉత్తరం వైపు కిటికీలున్న పొడవాటి గది, నడుమెత్తు బల్ల, దాని మీద బారుగా తెల్లటి పింగాణీ గిన్నెలు. ఒక్కో గిన్నె దగ్గర ఆగి, ఉడికిన ఆకు మీదికి వంగి వాసన చూసి, చెంచాతో టీ తీసి జుర్రుమని పీల్చి, నోట్లో తిప్పి, చక్రాల డబ్బాలోకి ఉమ్మేసి ఒక్క మాట చెప్పేవారు. "దీనికి తడి తగిలింది." "ఇది ఆరబెట్టేటప్పుడు మాడింది." "ఇది తీసుకోండి." ఆ ఒక్క మాట మీద లారీలకు లారీల ఆకు గోదాములోకి వచ్చేది, లేదా వచ్చిన దారినే పోయేది. ముప్పై నాలుగేళ్లు అలా గడిచాయి.

ఆ ముక్కుకి ఇంట్లో కాపలా ఆయన భార్య. ఆమె అత్తరు దుకాణంలో పుట్టి పెరిగిన పిల్ల. కొట్లో ఉన్న సీసాలన్నిట్లోకీ చిన్నది నువ్వేనే అని వాళ్ల నాన్న ఆమెని బుడ్డీ అని పిలిచేవాడు. పెళ్లై వచ్చిన మూడో రోజున ఆమె చెక్కపెట్టె తెరిచి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆరు చిన్న సీసాలు అలమరలో సర్దుతుంటే, ఆయన వెనక నిలబడి నసిగారు.

"ఇవి... మీ అక్కకి ఇచ్చెయ్యకూడదూ? మనకి అన్నం పెట్టేది నా ముక్కే. దానికి అడ్డం రాకూడదు కదా."

"అత్తరు కొట్టాయన కూతుర్ని చేసుకోకుండా ఉండాల్సింది మరి."

"చేసుకున్నాకే కదా తెలిసింది, ఇంత వాసనేస్తావని!"

ఇద్దరూ నవ్వుకున్నారు. సీసాలు అక్క ఇంటికి పోయాయి. వాటి వెంట ఒక్కొక్కటే చాలా పోయాయి. వాసన సబ్బు పోయింది. తలనూనె పోయింది. బట్టల మధ్య కలరా ఉండలు పోయాయి. ఉల్లిపాయ వేయించాలంటే శనివారం పొద్దున్నే, సోమవారానికల్లా ఇల్లు గాలి పోసుకోవాలి కాబట్టి. మోకాలికి నొప్పుల మందు రాసుకుంటే ఆ పూట ఆమె పడక హాల్లో. ఆమె ఇంట్లోనే బట్టలు సరిచేసి ఇచ్చేది: వదులైన నడుములు బిగించడం, కోటు చేతులు కుదించడం, జిప్పులు మార్చడం. కుట్టుమిషను నూనె వాసన పడటం లేదని ఆయన అంటే మిషను వెనక బాల్కనీలోకి వెళ్లింది. చలికాలం అక్కడ కూర్చుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. సూది కనపడక కాదు, పట్టు చిక్కక దారం ఎక్కేది కాదు.

అయినా ఆమెకి అది కష్టమనిపించలేదు. పైగా గర్వంగా ఉండేది. సాయంత్రం ఆమె బయట నుంచి వస్తే ఆయన గుమ్మంలోనే, "మీ నాన్న కొట్టు ముందు నుంచి వచ్చావు, లోపలికి మాత్రం వెళ్లలేదు" అని చెప్పేవారు. నిజమే అయ్యేది. మెడ దగ్గర ముఖం పెట్టి, "ఇస్త్రీ చేసిన నూలుబట్ట వాసన నీది. దీని మీద ఇంకేం పూస్తావే పిచ్చిదానా" అనేవారు. ఆ మాట ఆమెకి ఏళ్ల తరబడి సరిపోయింది. పిల్లలు కలగలేదు. ఇద్దరి మధ్యా ఆ ముక్కే ఒక గారాల బిడ్డలా పెరిగింది.

ఎనిమిదేళ్ల క్రితం ఒక చలికాలంలో ఆయనకి జ్వరం వచ్చి మూడు వారాలు మంచం పట్టారు. లేచిన తర్వాత చాదస్తం ముదిరింది. వయసు మీద పడుతోంది, ముక్కుని కాపాడుకోవాలి అని ఆయనే అనేవారు. కొత్త నియమాలు వచ్చాయి. పాత నియమాలకి కోపం తోడైంది. "ఏదో వాసన వస్తోంది, ఏం తెచ్చావు?" అని ఆరా తీసేవారు. ఆమె ఏమీ తెచ్చేది కాదు. అయినా సంచి దులిపి చూపించేది.

ఆ తర్వాత రెండేళ్లకి వాళ్ల నాన్న మంచాన పడ్డాడు. అప్పటికి కొట్టు మూసేసి పెద్దకూతురి ఇంట్లో ఉంటున్నాడు. కళ్లు సరిగా ఆనేవి కావు. ఆ స్థితిలోనే పడుకుని, చుక్కల లెక్క పెద్దకూతురికి చెబుతూ, మూడు నెలలు కష్టపడి ఒక్క సీసా అత్తరు చేయించాడు. దానికి ఆయన పెట్టిన పేరు పొగమాను. దేవదారు చెక్క, సాంబ్రాణి, గుగ్గిలం, ఎవరికీ పేరు చెప్పకుండా తనే కలిపే ఇంకో రెండు బంకలు. వయసులో ఉన్నప్పుడు ఏడాదికి ఒకసారి చేసేవాడు దాన్ని. "పూసుకున్న గంటకి చెక్క, సాయంత్రానికి బంక, మర్నాటికి పొగ. మూడో రోజు కూడా ఒంటి మీద లేకపోతే అది నా చేతిది కాదు" అని కొనేవాళ్లతో పందెం కాసేవాడు.

చిన్నకూతురు చూడటానికి వచ్చినప్పుడు మంచం మీద లేచి కూర్చుని, తన చేత్తో తనే ఆమె మణికట్లకి, చెవుల వెనక పూశాడు.

"నేను పోయాక కూడా నువ్వు నడిచిన చోటల్లా మన కొట్టు ఉండాలే బుడ్డీ."

ఆమె ఆ సీసా గుప్పిట్లో పట్టుకుని, బస్సులో కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చింది. తలుపు తీసిన భర్త ఆమె ముఖం చూడలేదు. చేతిలోని సీసా చూశారు. వెంటనే జేబులోంచి కర్చీఫ్ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటే ఇది! రేపు కొత్త కోత శాంపిళ్లు వస్తున్నాయి, తెలుసా నీకు? లోపలికి రాకు. వెనక నుంచి వచ్చి స్నానం చెయ్యి. అది ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"నాన్న చేశాడండీ. బహుశా ఇదే ఆఖరుది."

"ఎవరు చేస్తే ఏం? ముక్కు ముక్కే."

ఆమె వెనక మెట్ల నుంచి వెళ్లి మూడుసార్లు స్నానం చేసింది. మణికట్టు దగ్గర పీచుతో తోమి తోమి చర్మం ఎర్రబడింది. కట్టుకున్న బట్టలు నానబెట్టింది. మర్నాడు పొద్దున్నే సీసా పట్టుకెళ్లి గుమ్మంలోనే అక్క చేతికిచ్చి, నాన్నకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

ఇంకో రోజు ఆగి నాన్న దగ్గరికి వెళ్లింది. ఆయన తడుముకుంటూ ఆమె చెయ్యి అందుకుని, మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. రెండో చెయ్యీ అడిగాడు.

"గట్టిగా కడిగేశావా?"

భర్త మీద మాట రానివ్వడం ఆమెకి ఇష్టం లేకపోయింది. "లేదు నాన్నా" అంది.

"మరి రెండు రోజులు కూడా నిలవలేదే."

"కొంచెం ఉంది నాన్నా, నాకు తెలుస్తోంది."

"లేదులే. నాకు తెలియదా." ఆయన ఆమె చెయ్యి మెల్లగా పక్క మీద పెట్టేశాడు. "చెయ్యి పోయింది నాది. అంతే. ఇంక చేయకూడదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులకి పోయాడు. ఆ తొమ్మిది రోజుల్లో అత్తరు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఈ సంగతి ఆమె భర్తకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన బాధపడతారని.

ఈ వేసవిలో ఆయన రిటైరయ్యారు. టేస్టింగ్ రూములోనే మధ్యాహ్నం చిన్న సభ పెట్టి ఆమెనీ పిలిచారు. గిన్నెలన్నీ ఒక పక్కకి సర్ది, బల్ల మీద కేకు పెట్టారు. డైరెక్టర్ మాట్లాడుతూ, "మన కంపెనీకి ఉన్న ఆస్తులు రెండే. ఒకటి గోదాము, రెండోది ఈ ముక్కు. గోదాముకి బీమా ఉంది, దీనికే లేదు" అన్నాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పటం కట్టించిన ఫోటో గోడకి తగిలించారు. తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషిని పరిచయం చేశారు. వేరే కంపెనీ నుంచి వచ్చినవాడు, చక్కటి టై కట్టుకున్నాడు.

ఆమె చూపు మాత్రం గది చివర సింకు దగ్గర నిలబడ్డ అమ్మాయి మీద పడింది. ఆయన దగ్గర పన్నెండేళ్లుగా సహాయకురాలిగా ఉన్న పిల్ల; ఆఫీసులో చిన్నముక్కు అనేవారు. ఇప్పుడు పిల్లేం కాదు, ముప్పై అయిదు దాటింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ అమ్మాయి కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతోంది. కేకు ముక్క ఇస్తే చేతి సైగతో వద్దని, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్ల గురువు వెళ్లిపోతున్నందుకు దిగులేమో అనుకుంది ఆమె.

నాలుగు రోజులకి అక్క వచ్చింది. సంచిలోంచి పాత తువ్వాలు తీసి, అందులోంచి సీసా తీసింది.

"ఇంకా దేనికే భయం? మరిదిగారు రిటైరయ్యారు, ఆయనతో పాటు ఆ ముక్కూ రిటైరైంది. నాన్న ఇది నా బీరువా కోసం చెయ్యలేదు. తీసుకో."

"అడిగి పూసుకుంటానే."

"అడుగుతావా? యాభై మూడేళ్లొచ్చాయి నీకు, సెంటు రాసుకోవడానికి పర్మిషనా! ముక్కున వేలేసుకోవాలో, నీ నెత్తిన ఒకటి వెయ్యాలో తెలియట్లేదు నాకు."

మర్నాడు పొద్దున్న ఆయన నడకకి వెళ్లగానే ఆమె సీసా మూత తీసింది. ఆరేళ్లకి అత్తరు చిక్కబడి బెల్లం పాకం రంగులోకి తిరిగింది. మణికట్లకి, మెడకి, చెవుల వెనక పూసుకుంది. కాసేపు తల తిరిగినట్టైంది. ఇన్నేళ్లు ఏ వాసనా లేని ఇంట్లో ఉన్న మనిషి కదా. కూర్చుంది. అప్పుడు మొదలైంది అసలుది. కొత్తగా చీల్చిన దేవదారు చెక్క ముందు వచ్చింది. దాని వెనక జిగురుగా, కొంచెం చేదుగా బంక. ఆ వెనక ఎక్కడో సన్నగా పొగ, ఇంకా అంటుకోని మంట నుంచి వస్తున్నట్టు. నాన్న చెయ్యి పోలేదు. ఆఖరు చుక్క దాకా చెక్కు చెదరలేదు. ఆమె కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, ముఖం కడుక్కుని, మణికట్లు మాత్రం తడవకుండా చూసుకుంది.

ఆయన వచ్చారు. బూట్లు విప్పి, పేపరు తీసుకుని, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆమె వంటింట్లో గుండె చిక్కబట్టుకుని నిలబడింది. అరుస్తారనుకుంది. అరవలేదు. నా కోసం ఓర్చుకుంటున్నారు, పాపం, అనుకుంది. ఆ ఊహకే ఆమెకి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. టీ కప్పు పట్టుకెళ్లి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"ఏం, ఏమీ అనరేం?"

"దేని గురించి?"

"నన్ను చూసి చెప్పండి."

ఆయన పేపరు దించి, కళ్లద్దాలు సర్దుకుని, నెత్తి నుంచి కాళ్ల దాకా చూశారు. "జుట్టు కత్తిరించుకున్నావా?"

"లేదు."

"చెవులకి కొత్తవి పెట్టావా?"

"ఇవి పెళ్లైన ఏడాది మీరు కొన్నవే."

"ఇంకేంటో నువ్వే చెప్పెయ్. పొద్దున్నే పొడుపుకథలేంటి?"

ఆటపట్టిస్తున్నారనుకుని ఆమె నవ్వుతూ మణికట్టు ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన ముఖం ఒక్క క్షణం బెదిరింది. తర్వాత ఆఫీసులో గిన్నెల ముందు పెట్టే ముఖం పెట్టారు. కళ్లు మూసుకుని, నిండుగా ఊపిరి లాగి, తల పంకించారు.

"గులాబీ కదూ. కాస్త తేలికపాటిది. ఫరవాలేదు, పూసుకో."

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. హాలంతా పొగమాను కమ్ముకుని ఉంది. మెట్ల మీద ఎక్కే వాళ్లకి కూడా తెలిసేంత ఘాటు. ముక్కున్న మనిషి ఎవడూ దాన్ని గులాబీ అనడు.

"ఏవండీ, మీకు వాసన తెలియడం లేదు."

"జలుబు చేసింది."

"మీకు జలుబు లేదు."

ఆయన పేపరు మడిచారు. మళ్లీ మడిచారు. అది గుప్పిట్లో పట్టేంత చిన్నదయ్యేదాకా మడిచారు.

"ఎన్నాళ్లయింది?" అంది ఆమె.

"ఆ జ్వరం అప్పటి నుంచి."

ఎనిమిదేళ్లు. ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పాలు పొంగి మాడి గిన్నె నల్లబడుతున్నా పక్క గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్న రోజు. ఆమె ఊళ్లో లేని మూడు రోజులు బీరువా వెనక ఎలుక చచ్చి కుళ్లుతున్నా ఆ గదిలోనే హాయిగా నిద్రపోయిన వైనం. "పని ధ్యాసలో గమనించలేదు" అన్నారు. ఆమె నమ్మింది. గొప్పవాళ్ల పరధ్యానం అనుకుంది.

"మరి నాన్న దగ్గర్నుంచి వచ్చిన రోజు? గుమ్మంలో కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారే."

ఆయన కిటికీ వైపు చూశారు. "నీ చేతిలో సీసా చూశాను."

తర్వాత ఆయనే గడగడా చెప్పుకొచ్చారు. ఒక్కసారి పట్టు సడలిస్తే అనుమానం వస్తుందని భయం. నువ్వు మీ అక్కతో అంటావు, అక్క ఇంకెవరితోనో అంటుంది. ముక్కు పోయిన టీ టేస్టరంటే కాళ్లు పోయిన పోస్ట్‌మాన్ లాంటివాడే కదా. మొదట్లో రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాను. నీకు చెబితే అది నిజమైపోతుందనిపించింది.

"ఆ రోజు నేను మూడుసార్లు స్నానం చేశాను" అంది ఆమె. "రెండు రోజుల తర్వాత మా నాన్న నా చెయ్యి వాసన చూసి, అత్తరు నిలవలేదు, చెయ్యి పోయింది నాది అన్నాడు. ఆ దిగులుతోనే పోయాడు."

"ఆ మాట నువ్వెప్పుడూ చెప్పలేదు నాకు."

"మీరు బాధపడతారని చెప్పలేదు."

ఆయన తలదించుకున్నారు. ఆమె మాత్రం ఇంకో మాట అడిగింది. "వాసన లేకుండా ఎనిమిదేళ్లు ఉద్యోగం ఎలా వెలగబెట్టారు?"

"రంగు కంటికి తెలుస్తుంది. వగరు నాలుకకి తెలుస్తుంది. మిగతాది... ఆ అమ్మాయి."

ఎనిమిదేళ్లు ఎవరికీ తెలియదనుకుంటే ఒకరికి తెలుసన్నమాట. ఆ ఒకరు తను కాదు.

ఆ ఆదివారం ఆమె చిన్నముక్కు ఇంటికి వెళ్లింది. ఒక్క గది, మూల చిన్న వంటగట్టు, తాడు మీద ఆరేసిన బట్టలు. ఆమె గమనించింది: ఆ గదిలోనూ వాసన సబ్బు లేదు, పౌడరు డబ్బా లేదు.

"మీకు తెలుసనుకున్నాను మేడమ్" అంది ఆ అమ్మాయి ఆశ్చర్యంగా. "ఆయన్ని కాపాడటానికే మీరు ఇంకా ఏమీ పూసుకోవడం లేదనుకున్నాను. మీ ఓపికకి దణ్ణం పెట్టుకునేదాన్ని."

ఏం చేసేవారో చెప్పింది. పొద్దున్నే ముందు తను అన్ని గిన్నెలూ చూసేది. బాగున్నవాటిని అంగుళం ముందుకి జరిపేది. బూజు పట్టినవి, మాడినవి గోడ వైపు నెట్టేది. సార్ వచ్చి, వంగి, పీల్చి, గిన్నె ఉన్న చోటు చూసి మాట చెప్పేవారు.

"ఎందుకు చేశావమ్మా?"

"పని నేర్పింది ఆయనే కదా. మొదట్లో జాలేసింది. తర్వాత సారే అన్నారు, నేను దిగిపోయాక ఆ కుర్చీ నీదే అని." ఆ అమ్మాయి నవ్వింది, నవ్వులో తడి లేదు. "పోయిన నెల డైరెక్టర్ గారు సార్ అభిప్రాయం అడిగారట. ముక్కు మంచిదే గానీ సొంతంగా తేల్చి చెప్పే ధైర్యం లేదు అని రాసిచ్చారట సార్. ఎనిమిదేళ్లు తేల్చి చెప్పింది నేనే మేడమ్. కాకపోతే నోటితో చెప్పలేదు."

ఎందుకలా రాశారో ఆమెకి ఇట్టే అర్థమైంది. ఆ కుర్చీలో ఈ అమ్మాయి కూర్చుంటే, ఏదో ఒక రోజు గిన్నెలు జరిపిన కథ బయటికొస్తుంది. బయటివాడొస్తే రాదు.

"ఎక్కడా అనకండి మేడమ్" అంది ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి. "నేను మెల్లగా వేరే చోటు చూసుకుంటాను."

ఆమె తలూపింది. ఊపిందే గానీ, ఇంటికి రాగానే తెల్లకాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"డైరెక్టర్ గారికి రాయండి. ఉన్నదున్నట్టు."

"పిచ్చా నీకు? నా ముప్పై నాలుగేళ్లూ గంగలో కలిసిపోతాయి."

"ఇరవయ్యారేళ్లు మీవే. ఎవరూ కాదనరు. ఆ ఎనిమిదేళ్లు ఆ పిల్లవి. అవి రాయండి."

"రాయకపోతే?"

"నేనే వెళ్లి చెప్తాను. మీరు రాస్తే మీ మాట అవుతుంది. నేను చెబితే మీ బండారం అవుతుంది."

అయిదు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆరో రోజు ఆయన రాశారు. రెండు పేజీలు, మంచి దస్తూరీ. ఆమే పోస్టు చేసింది. తిరిగి వస్తుంటే ఒంటి నుంచి పొగమాను సన్నగా వస్తోంది. ఆమెకి ఒక్కసారిగా తేలిగ్గా అనిపించింది. చేసింది ఆ అమ్మాయి కోసమేనా అని ఆ రోజు ఆమె తనని తాను అడగలేదు.

పది రోజులకి డైరెక్టర్ స్వయంగా ఇంటికి వచ్చాడు. పళ్ల బుట్ట తెచ్చాడు. టీ తాగుతూ, వాతావరణం గురించి, కొత్త గోదాము గురించి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించాడు.

"రిటైరైన కొత్తల్లో మనసు అదోలా ఉంటుంది సార్. ఏవేవో అనిపిస్తాయి. మీరు ఏదో కాగితం పంపారట. నేను చూడలేదు. చూడనట్టే లెక్క. మీ ఫోటో అక్కడే ఉంటుంది."

ఆమె చూస్తుండగానే ఆయన భుజాలు వదులయ్యాయి. ఎనిమిదేళ్ల బరువు దిగిపోయిన మనిషిలా.

"మరి ఆ అమ్మాయి?" అంది ఆమె.

"అదే కదండీ చిక్కు. ఇంత మోసంలో చెయ్యి కలిపిన మనిషిని టేస్టింగ్ రూములో ఎలా ఉంచుకుంటాం? ప్యాకింగ్‌లోకి మార్చాను. ఉద్యోగం తీసేయలేదు, సంతోషించండి."

"మీరు చూడని కాగితంలో ఆ అమ్మాయి పేరు మాత్రం ఎలా కనిపించిందండీ?"

డైరెక్టర్ కప్పు కింద పెట్టాడు. "టీ బాగుందండీ" అని లేచాడు. ఆమె భర్త వైపు చూసింది, ఒక్క మాటైనా అంటారేమోనని. ఆయన లేచి, తలుపు దాకా వెళ్లి సాగనంపారు.

ఆ మర్నాడు ఫోను మోగింది. చిన్నముక్కు.

"మేడమ్, నేను అడిగానా మిమ్మల్ని?"

"అమ్మా, నీకు న్యాయం జరగాలనీ..."

"నాకోసమా? అనొద్దని చెప్పాను కదా మేడమ్ నేను. మీ ఇద్దరి మధ్య ఏముందో మీరు మీరు తేల్చుకోవాల్సింది. సార్ నన్ను గిన్నెల దగ్గర వాడుకున్నారు. మీరు సార్ దగ్గర వాడుకున్నారు." కాస్త ఆగింది. "ఇప్పుడు రోజంతా డబ్బాలకి స్టిక్కర్లు అంటించడమే పని. జిగురు వాసన. ఇంటికొచ్చినా అదే."

ఫోను పెట్టేసింది. ఆమె తర్వాత రెండుసార్లు ఆ గదికి వెళ్లింది. మొదటిసారి తాళం. రెండోసారి వెళ్లేసరికి ఆ గదిలో ఎవరో కొత్త దంపతులు ఉన్నారు. ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయిందని ఇంటివాళ్లు చెప్పారు. ఎక్కడికో వాళ్లకి తెలియదు.

ఆ పిల్ల అన్న మాట ఆమెని చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. కాదని తోసేద్దామంటే తోయడానికి ఏమీ దొరకలేదు. కాగితం ముందు పెట్టినప్పుడు తన కళ్ల ముందున్నది ఆ అమ్మాయి ముఖం కాదు, గోడ వైపు తిరిగి పడుకున్న నాన్న వీపు. ఆ ఇద్దరి బాకీ ఒకే కాగితంతో తీర్చెయ్యాలనుకుంది. రెండూ తీరలేదు.

కుట్టుమిషను మాత్రం బాల్కనీలోంచి హాల్లోకి వచ్చింది. ఇద్దరు కూలీల చేత మోయించి కిటికీ దగ్గర పెట్టించింది. ఆయన కుర్చీ పక్క గదిలోకి వెళ్లింది. ఆమె రోజూ స్నానం చేసి పొగమాను పూసుకుని పనికి కూర్చుంటుంది. బట్టలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు, "ఏం సెంటండీ ఇది, ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. "దొరకదు" అంటుంది. సీసాలో అత్తరు సగానికి వచ్చింది.

అక్క బలవంతం మీద ఆయన్ని ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు దీపం పెట్టి చూసి, ఫైలు మూసి అన్నాడు: "జ్వరం తగ్గిన మొదటి ఏడాదిలో వచ్చి ఉంటే కొంత తిరిగొచ్చేదేమో. చాలామందికి వస్తుంది. ఇప్పుడు చెప్పలేం. అప్పుడెందుకు రాలేదు?"

ఆయన మూసిన ఫైలు కేసి చూశారు. అప్పుడు వెళ్లి ఉంటే ముక్కు పోయిందని డాక్టరు కాగితం మీద రాసేవాడు, ఆ భయంతోనే వెళ్లలేదు. ఆ సంగతి ఆమెకి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆశ వదులుకోకుండా ఒక అభ్యాసం మాత్రం చేసి చూడమన్నాడు డాక్టరు. నాలుగు ఘాటైన వాసనలు పెట్టుకుని పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ పీల్చడం, పేరు తలుచుకోవడం. కొన్ని నెలలు పట్టవచ్చు. అసలు రాకపోనూవచ్చు.

ఆమె నాలుగు చిన్న డబ్బాలు కడిగి ఆరబెట్టింది. ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో నిమ్మతొక్క, ఒకదాంట్లో నీలగిరి నూనెలో ముంచిన దూది. నాలుగోది ఖాళీగా ఉండటం చూసి ఆయన మెల్లగా అడిగారు.

"దీంట్లో నీ అత్తరు ఒక్క చుక్క వెయ్యకూడదూ? అదొస్తే... ముందు అదే తెలిస్తే బాగుంటుందని."

ఆయన గొంతులో నిజంగానే ఆశ ఉంది. అది ఆమెకి వినపడింది. చేతిలో ఉన్న కోటు చేతిని ఒడిలో పెట్టి, ఆయన ముఖం కేసి చూసింది. ముసలివాడైపోయారు. కళ్ల కింద సంచులు దిగాయి. ఒకప్పుడు ఆ ముఖం మెడ దగ్గరికి వస్తే ఆమెకి ఊపిరి ఆగిపోయేది.

"అది వద్దు" అంది.

లేచి వంటింట్లోకి వెళ్లి, నాలుగో డబ్బాలో కాఫీ పొడి పోసి తెచ్చి, మిగతా మూడింటి పక్కన పెట్టింది. ఆయన ఒక్కో డబ్బా మూత తీసి, వంగి, కళ్లు మూసుకుని పీల్చడం మొదలుపెట్టారు. ఆమె మిషను దగ్గర కూర్చుని కోటు చెయ్యి కుట్టసాగింది.